అహోసి అన్నాక కోర్టుకెక్కిన సంగతి

బాన్ నోంగ్‌హాయ్, ముక్దాహాన్
బౌద్ధ శకం 2561, నవంబరు 14, బుధవారం

ఈ రోజు పనులు: నానిన జిగురు బియ్యం ఆవిరి మీద పెట్టడం, సుబిన్. భిక్షువులకు అన్నం వేయడం, నేను, ఎడమ చేత్తో. అమ్మకు ఒళ్ళు తుడవడం, ఇద్దరం. బట్టలు ఉతకడం నేను, పిండడం సుబిన్. కోళ్ళకు నూకలు, నేను. కోత కూలీలకు మధ్యాహ్నం భోజనం, పదకొండు మందికి, ఇద్దరం పోట్లాడుకుంటూ. చేతికి వ్యాయామం మూడుసార్లు. మిగిలిన పని ఈ ఉత్తరం.

పూజ్యురాలైన అక్కకు లంపాయి మోకరిల్లి వ్రాసుకునేది.

ఇక్కడ అమ్మ, సుబిన్, నేను, రెండు గేదెలు అందరం కులాసా. అక్కడ లోయీ కొండల్లో మీ కుటీరానికి అప్పుడే చలి దిగి ఉంటుంది. ఈ ఉత్తరంతో ఉన్ని శాలువా ఒకటి పంపుతున్నాను. తెల్లదే, మీ సన్యాసినుల నియమం ప్రకారం.

మీరు ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగారు. వరసగా జవాబు వ్రాస్తాను.

మొదటిది, ఈ చేతివ్రాత ఎవరిది అని. నాదే అక్కా. ఎడమ చేత్తో వ్రాయడం నేర్చుకున్నాను. మొదట్లో అక్షరాలు తాగినవాడిలా తూలేవి, ఇప్పుడు నిద్రమత్తులో ఉన్నట్టున్నాయి. పేజీకి అరగంట పడుతోంది. అందుకని ఇదివరకటిలా చుట్టుపక్కల సంగతులన్నీ వ్రాయలేను. ముఖ్యమైనవే వ్రాస్తాను.

రెండవది, అమ్మ తింటున్నదా అని. తింటున్నది, తిడుతున్నది. మంచంలోంచి లేవకపోయినా నోటికి ఏ జబ్బూ రాలేదు. సుబిన్ వంట చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆవిడకు రోజూ పండగే. మొన్న చేపల పులుసు నోట్లో పెట్టుకుని, "అల్లుడూ, ఈ చేప ఏ పాపం చేసి నీ చేతిలో పడింది నాయనా" అన్నది. సుబిన్ నవ్వడు కదా. "తినండి అత్తా, వచ్చే జన్మలో దానికి బాకీ లేకుండా పోతుంది" అన్నాడు. ఇరవై ఏడేళ్ళ కిందట మనింటికి అల్లుడిగా వచ్చినప్పటి నుంచి ఆ మనిషి మొత్తం మాట్లాడినదానికంటే ఈ ఏడాదిన్నరలో ఎక్కువ మాట్లాడాడు.

మూడవ ప్రశ్న దగ్గర నా కలం ఆగింది. "నువ్వు ఆ డ్రైవరుకు అహోసి చెప్పి, క్షమించి పగ వదిలేశావని వ్రాశావు. తరువాత కోర్టుకెక్కావని ఎవరో చెప్పగా విన్నాను. ఇచ్చిన క్షమను వెనక్కి తీసుకున్నావా?" అని అడిగారు. వర్షాకాలపు నియమం మూడు నెలలూ ఉత్తరాలు వద్దన్నారు గనుక ఇంతకాలం ఆగాను. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను.

పోయిన ఏడాది ఫిబ్రవరి పన్నెండున, ఆదివారం సంతలో, నేను కూరల బల్ల దగ్గర నిలబడి ఉండగా ఐస్ ఫ్యాక్టరీ లారీ వెనక్కి వచ్చి నా కుడి చేతిని సిమెంటు స్తంభానికి అదిమేసింది. మోచేయి నుజ్జయింది. అంతవరకు మీకు తెలుసు. మూడో రోజు ఆసుపత్రిలో ఏం జరిగిందో పూర్తిగా వ్రాయలేదు.

ఆ రోజు నా మంచం చుట్టూ సగం ఊరు నిలబడింది. ఐస్ ఫ్యాక్టరీ షావుకారు వీరోత్, గ్రామ పెద్ద, ఒక పోలీసు అధికారి, లారీ నడిపిన ఖేన్, అతని భార్య. ఖేన్‌కు నలభై అయిదేళ్ళుంటాయి. ఎండిపోయిన మనిషి. అయిదు జతల పువ్వులు, అయిదు జతల కొవ్వొత్తులు పళ్ళెంలో పెట్టుకుని మంచం పక్కన నేల మీద మోకరిల్లాడు. షావుకారు పక్కనుంచి రంగు కాగితం చుట్టిన పళ్ళ బుట్ట ముందుకు నెట్టాడు. మన ఊళ్ళో కొట్టు నడిపే ఛాలీ పెద్దమ్మ నా ఎడమ చెయ్యి పట్టుకుని పళ్ళెం మీద ఆనించింది.

"అనవే, పెద్దవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. అహోసి అను. పుణ్యం నీకే."

అన్నాను. ఖేన్ నా మంచం కోడుకు నుదురు ఆనించి ఏడ్చాడు. వాళ్ళావిడ నా మేలు కోరుతూ ఎడమ మణికట్టుకు తెల్ల దారం కట్టింది. పోలీసాయన రోజువారీ పుస్తకంలో నాలుగు పంక్తులు వ్రాసి, నా ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. కుడి చెయ్యి కట్లలో ఉంది కదా. అందరూ సాధు సాధు అన్నారు. ఫోటో కూడా తీశారు.

ఆసుపత్రి ఖర్చు షావుకారే పెట్టుకున్నాడని ఊరంతా అనుకున్నారు, ఆయనే చెప్పుకున్నాడు గనుక. నిజానికి ప్రతి బండికీ చట్టం ప్రకారం కట్టి తీరవలసిన బీమా ఒకటి ఉంది. దెబ్బ తగిలినవాళ్ళకు తప్పెవరిదని అడగకుండానే మొదటి ఖర్చు అందులోంచి వస్తుంది. ఆసుపత్రి వాళ్ళే కాగితాలు పెట్టి తెచ్చుకున్నారు. అది నా హక్కని నాకు తెలియదు. పదకొండు నెలల పాటు షావుకారు దాతృత్వమనుకుని ఆయన ఇంటివైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

ఆ తరువాత డాక్టరు రెండో ఆపరేషన్ అన్నాడు. వేళ్ళు మూడు వంగడం లేదు. బట్ట పిండలేను, రోలు పట్టలేను, అమ్మను ఎత్తలేను. సుబిన్ రేవులో మూటలు దించే పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. బీమా డబ్బు అప్పటికే అయిపోయింది. నేను, సుబిన్ కలిసి ఫ్యాక్టరీకి వెళ్ళాం. షావుకారు లేచి నిలబడి మర్యాద చేశాడు.

"వదినా, మీరు అంత పెద్ద మనసుతో అహోసి అన్నారు. ఊళ్ళో మీ పేరు చెప్పుకోని వాళ్ళు లేరు. ఇప్పుడు డబ్బు మాటెత్తి ఆ పుణ్యాన్ని ఎందుకు పాడు చేసుకుంటారు?"

"అన్నా, ఆపరేషన్‌కే..."

"అయిపోయిన కథ వదినా అది. పోలీసు పుస్తకంలో కూడా ఎక్కింది. వెళ్ళేటప్పుడు ఒక సంచి ఐస్ పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు."

"ఏ చేత్తో పట్టుకెళ్ళమంటారు?" అన్నాను. ఆయన తల తిప్పుకున్నాడు.

నిజం చెబుతున్నాను అక్కా, నేనూ అయిపోయిందనే అనుకున్నాను. అహోసి అనేశాక ఇంకేం అడుగుతాం, అడిగితే మాట తప్పినట్టే కదా అని. నేనే కాదు, మన ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు. చేయి పోయినా, కాలు పోయినా, పళ్ళెం వచ్చాక నోరు మూతపడుతుంది. షావుకార్లకు ఈ సంగతి తెలుసు.

పోయిన జనవరిలో అమ్మ పింఛను కాగితం పని మీద ముక్దాహాన్ వెళ్ళినప్పుడు, కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సలహా అని బోర్డు పెట్టిన బల్ల చూశాను. నీడగా ఉందని ఆ బెంచీ మీద కూర్చున్నాను, అంతే. బల్ల వెనకాల ఓరపిన్ అనే వకీలు. ఏభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది, జామకాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుని తింటోంది.

"చేతికి ఏమైందమ్మా?"

చెప్పాను. అహోసి సంగతి కూడా చెప్పాను. ఆవిడ జామముక్క పక్కన పెట్టింది.

"ఎప్పుడు జరిగింది?"

"పోయిన ఫిబ్రవరి పన్నెండు."

ఆవిడ గోడ క్యాలెండరు వైపు చూసి లెక్కపెట్టింది. "నష్టపరిహారం దావాకు ఏడాది గడువు. మీకు ఇరవై నాలుగు రోజులున్నాయి. ఇక్కడ కూర్చుని నాతో జామకాయ తింటారా, లేక స్టేషనుకెళ్ళి ఆ పుస్తకం నకలు తెస్తారా?"

"కానీ నేను అహోసి అన్నానండీ."

"అంటే అన్నారు. వచ్చే జన్మలో అతని వెంట పడరు. ఈ జన్మలో మీ మోచేయి ఎవరు అతికిస్తారు? నకలు తీసుకురండి."

మర్నాడు సుబిన్ స్టేషనుకు వెళ్ళి నకలు తెచ్చాడు. ఓరపిన్ గారు నాలుగు పంక్తులూ రెండుసార్లు చదివి నవ్వడం మొదలుపెట్టింది. అందులో ఉన్నది ఇంతే: గాయపడిన మహిళ డ్రైవరును క్షమించినది, పగ పెట్టుకోనన్నది, వేలిముద్ర. ఎంత ఇచ్చారో లేదు. ఇకమీద పరిహారం అడగను అనే మాట లేదు. ఫ్యాక్టరీ పేరే లేదు.

"రాజీ అంటే ఇద్దరూ చెరి కొంత వదులుకుని, ఏం వదులుకున్నారో వ్రాసుకుని సంతకాలు పెట్టాలి. ఇందులో షావుకారు వదులుకున్నదేమిటి? పళ్ళ బుట్టా? ఇంతకీ ఇందులో డబ్బు సంగతి ఎందుకు వ్రాయలేదు?"

నాకప్పుడు గుర్తొచ్చింది. మంచం పక్కన పోలీసాయన కలం ఎత్తినప్పుడు షావుకారు వంగి ఆయన చెవిలో, "డబ్బు మాట వద్దు సార్, ఫ్యాక్టరీ మాట వద్దు. వ్రాస్తే మేం తప్పు ఒప్పుకున్నట్టవుతుంది" అన్నాడు. ఆయన తెలివి ఆయన చూసుకున్నాడు. ఆ తెలివే నా కేసును బతికించింది. ఓరపిన్ గారు బల్ల గుద్ది, "ఆయనకు ఒక బుట్ట పంపండమ్మా" అన్నది.

డ్రైవరు పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని కూడా బాధ్యుడే అని ఆవిడ చెప్పింది. ఫ్యాక్టరీ మీద, బీమా కంపెనీ మీద, చట్టప్రకారం ఖేన్ మీద కూడా దావా వేశాం. గడువుకు అయిదు రోజుల ముందు.

ఇక ఊరు చూడాలి అక్కా. ఛాలీ పెద్దమ్మ కొట్టు ముందు నిలబడితే, "ఏమే లంపాయీ, అహోసి కిలో ఎంతకు అమ్ముతున్నావు?" అని అరిచింది. గుడిలో నా పక్క చాప ఖాళీగా ఉండేది. ఎవరు ఎదురుపడినా చేతి సంగతి అడగరు, షావుకారు మంచితనం చెబుతారు. అమ్మ మాత్రం మంచంలోంచే, "వెళ్ళు. నాకు స్నానం చేయించే చెయ్యి అది. నా సొత్తు" అన్నది.

జూన్‌లో విచారణ. షావుకారు వకీలు పొడుగాటి మనిషి. నన్ను బోనులో నిలబెట్టి అడిగాడు.

"అహోసి అన్నారా, అనలేదా?"

"అన్నానండీ."

"పెద్దల ఎదుట, పువ్వుల మీద చెయ్యి పెట్టి?"

"అవునండీ. పెద్దమ్మ పెట్టించింది."

"మరి ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నారా?"

"లేదండీ. అది అలాగే ఉంది. వచ్చే జన్మకు ఆయన నాకేమీ బాకీ లేడు. ఈ జన్మలో రేపు పొద్దున బియ్యం ఎవరు కడగాలో అది అడగడానికి వచ్చాను."

వెనకాల ఎవరో పక్కున నవ్వారు. జడ్జి అమ్మగారు తల దించుకుని ఏదో వ్రాసుకుంది.

తరువాత బీమా కంపెనీ వకీలు లేచి, ఆమె గృహిణి, ఆదాయం లేదు, కాబట్టి నష్టం లేదు అన్నాడు. ఇంట్లో పనిచేసే మనిషి పని చేయలేకపోతే, ఆ పని పోగొట్టుకున్న ఇంటివాళ్ళు పరిహారం అడగవచ్చని చట్టంలో ఉందట. అందుకని నా ఇంటిపని గురించి సాక్ష్యం చెప్పవలసింది నేను కాదు, సుబిన్. ఇక అయిపోయాం అనుకున్నాను. ఆ మనిషి పెళ్ళిలో కూడా అవునని తల ఊపాడే కానీ నోరు తెరవలేదు.

"మీ భార్య ఏం పని చేస్తుంది?" అన్నాడు ఆ వకీలు.

"పదహారు నెలల కిందట అడిగితే ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది అనేవాణ్ణి."

"అంతేనా?"

"ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నానండి. నాలుగింటికి లేవాలి. ముందురోజు బియ్యం నానబెట్టాలి. మరిచిపోతే ఆ రోజు ఇంటిల్లిపాదీ పస్తు. నేను రెండుసార్లు మరిచిపోయాను. అత్తను గంటకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుళ్ళు పడుతుంది. పుండు పడింది కూడా, నా వల్లే. ఊరబెట్టిన చేపల జాడీకి మూత సరిగ్గా వెయ్యకపోతే పురుగు పడుతుంది. గేదె, కోళ్ళు, మందులు, కరెంటు బిల్లు, ఎవరింట్లో చావు, ఎవరింట్లో పెళ్ళి, ఎంత చదివించాలి. ఇరవై ఏడేళ్ళు కుండలో బియ్యం దానంతటదే నానుతుంది అనుకున్నానండి."

అక్కా, నేను అతని వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాను. అతని మెడ మాత్రమే కనిపిస్తోంది. అది ఎర్రగా కందిపోయింది. ఎన్ని గంటలు అని జడ్జి అమ్మగారు అడిగితే, "మూటలు దించితే సాయంత్రం అయిదింటికి అయిపోతుందమ్మా. ఇది అయిపోదు" అన్నాడు.

చివరి సాక్షి ఖేన్. ప్రతివాదే అయినా షావుకారు వకీలే అతన్ని తమ పక్షాన పిలిచాడు. కొత్త చొక్కా వేయించి తెచ్చారు, మడతలు కూడా పోలేదు. ప్రమాణం చేయించారు.

"ఆమే చూసుకోకుండా లారీ వెనకాలకు నడిచి వచ్చింది, అంతేనా?"

ఖేన్ షావుకారు వైపు చూశాడు. షావుకారు దగ్గాడు.

"కాదండి. ఆ అక్క కూరల దగ్గర కదలకుండా నిలబడి ఉంది. నేనే చూడలేదు. అద్దం పగిలి మూడు నెలలైంది. మార్పించమంటే, నీకు మెడ తిప్పడం రాదా అన్నారు షావుకారు."

"నీకు ఈ మాట ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారండి? ఆ అక్క నాకు అహోసి అన్నది. అలా అన్న మనిషి మీద అబద్ధం చెబితే నాకు పుట్టగతులుండవు."

షావుకారు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఓరపిన్ గారు నా మోకాలు నొక్కింది.

తీర్పు సెప్టెంబరు ఇరవై ఒకటిన వచ్చింది. పోలీసు పుస్తకంలోని నాలుగు పంక్తులు క్షమే గాని రాజీ కాదన్నారు. క్షమించిన మనిషి హక్కు వదులుకున్నట్టు కాదన్నారు. చేతికి, నొప్పికి, రెండో ఆపరేషన్‌కు, ఇకముందు వైద్యానికి, సుబిన్ పోగొట్టుకున్న నా ఇంటిపనికి, అంతా కలిపి ఆరు లక్షల పన్నెండు వేల బాట్లు ఇవ్వాలన్నారు. నా ఇంటిపనికి రోజుకు మూడు వందల చొప్పున కట్టారు. కూలి మనిషికి ఇచ్చినంత. తక్కువే అంటుంది ఓరపిన్ గారు. నాకు మాత్రం, నేను పొద్దున్నే లేచి చేసేదానికి ఒక పేరు, ఒక వెల ఉన్నాయని జడ్జి నోటి నుంచి వింటుంటే కోర్టు మెట్ల మీద గంతులు వేయాలనిపించింది. అమ్మ మీద ఒట్టు. సుబిన్ మెట్ల కింద పిండి మిఠాయి కొని నాకు తినిపించాడు, అందరూ చూస్తుండగా.

షావుకారు అప్పీలు చేయలేదు. పోయిన వారమే డబ్బు పూర్తిగా చేతికి వచ్చింది. ఇప్పుడు మా ఇంటికి రోజుకొకరు వస్తున్నారు. కాలు విరిగిన ట్రాక్టరు కూలీ ఒకడు, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకామె. పళ్ళెం తీసుకోండి, దారం కట్టించుకోండి, వేలిముద్ర వేసేముందు మాత్రం ఆ పంక్తులు చదివించుకోండి అని చెబుతున్నాను. ఏడాది గడువు గురించి గట్టిగా చెబుతున్నాను. ఛాలీ పెద్దమ్మ కూడా వచ్చింది, తన మనవడి మోటారుసైకిలు ప్రమాదం గురించి. ఆవిడకూ చెప్పాను. కిలో ఎంతో చెప్పలేదు.

ఇక మీ ప్రశ్న. క్షమను వెనక్కి తీసుకోలేదు అక్కా. తీసుకోవడానికి అసలు ఇచ్చి ఉంటే కదా.

ఇది మీకు చెప్పకుండా ఏడాదిన్నర దాచాను. ఆ రోజు ఆసుపత్రిలో నేను అహోసి అన్నది నోటితోనే. నొప్పి మందు దిగిపోయి చెయ్యి మండుతోంది. వీళ్ళందరూ పోతే చాలు అనుకున్నాను. నోరు ఆ మాట అంటుంటే మనసులో ఆ మనిషి చెయ్యి కూడా ఇలాగే నలగాలి అని తిట్టుకుంటున్నాను. పువ్వుల మీద చెయ్యి పెట్టి, అంతమంది ఎదుట అబద్ధం ఆడాను. మీకు ఉత్తరం వ్రాసి పుణ్యాత్మురాలిననిపించుకున్నాను. కోర్టులో ఆ వకీలుకు అది అలాగే ఉంది అన్నాను చూడండి, అదీ అబద్ధమే. నా అబద్ధాన్ని నిజమని నమ్మి ఖేన్ తన ఉద్యోగం పోగొట్టుకుని నిజం చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు, గెలిచాక కూడా.

ఖేన్ ఇప్పుడు కోత యంత్రం నడుపుతున్నాడు. నిన్న మన పక్క చేలోకి వచ్చాడు. గట్టు మీద నిలబడి కేక వేశాను. ఇంజను ఆపకుండానే యంత్రం దిగి, తలగుడ్డ తీసి వచ్చాడు.

"ఖేన్, ఆ రోజు నేను నిజంగా అనలేదు. పళ్ళు కొరుక్కుంటూ అన్నాను."

"తెలుసక్కా."

"తెలుసా?"

"నా మొహం వంక చూసిన చూపుకే తెలిసింది. మా ఆవిడతో ఇంటికెళ్ళి చెప్పాను కూడా, ఈ అక్క కోపం తగ్గడానికి చాన్నాళ్ళు పడుతుంది అని."

"మరి కోర్టులో ఎందుకలా చెప్పావు?"

అతను తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "ఎప్పుడో ఒకనాడు మీరు నిజంగా అంటారు కదా. అప్పటికి నేను అబద్ధం ఆడి ఉంటే దాన్ని ఎలా తీసుకుంటానక్కా?"

అప్పుడు అన్నాను. పువ్వులు లేవు, పెద్దలు లేరు, పోలీసు పుస్తకం లేదు. కుడి చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి అహోసి అన్నాను. అతను గట్టు మీదే కూర్చుని నమస్కారం పెట్టాడు. తరువాత, "డీజిలు ఖర్చవుతోందక్కా" అని యంత్రం దగ్గరకు పరుగెత్తాడు.

న్యాయం జరగకముందు అనమంటే నాకు చేతకాలేదు. జరిగాక చేతనయింది. ఇది తప్పో ఒప్పో మీరే చెప్పాలి. తిడితే పడతాను. చలి ముదరకముందే శాలువా కప్పుకోండి, నియమాలని చెప్పి పక్కన పెట్టకండి. అమ్మ మీకు ఆశీస్సులు చెప్పమన్నది. మీకు ఆశీస్సులు చెప్పకూడదు, తెల్లబట్ట కట్టి సన్యసించారు అని నేనంటే, "ముందు నా కూతురు" అన్నది.

ఇట్లు,
గెలిచి, ఒప్పుకుని, ఆకలేసి అన్నానికి లేస్తున్న
మీ చెల్లెలు లంపాయి

ఖేన్‌కు నేను బాకీ ఉన్న మాట: ఒకటి. నవంబరు 13న చేను గట్టు మీద ముట్టజెప్పాను. చెల్లు.